ఆయమ్మ కూతురు

"తలుపు తియ్యమ్మా. ఇంకాసేపట్లో ఆవిడ వచ్చేస్తారు."

లోపల్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

అబ్రహాం తలుపుకి నుదురు ఆనించి నిలబడ్డాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా వేసుకున్నాడు. నిన్న సాయంత్రం మూసుకున్న తలుపు అది. రాత్రి కూతురు జెమీమా అన్నం పళ్ళెం తెచ్చి గుమ్మం దగ్గర పెడితే, తెల్లారేసరికి పళ్ళెం కడిగి బోర్లించి ఉంది. మనిషి మాత్రం బయటికి రాలేదు.

"నేనేం అడిగానమ్మా? రేపు చర్చి యానివర్సరీలో స్టేజి మీద మార్జరీ గారి పక్కన కూర్చోమన్నాను. నువ్వు మాట్లాడక్కర్లేదు కూడా. అంతా నేనే చెప్తానన్నాను కదా."

"ఏమని చెప్తావు?"

ముప్పై ఏళ్ళు బందరు మిషన్ బడిలో పిల్లల్ని బెంచీ ఎక్కించిన గొంతు అది. డెబ్బై నాలుగేళ్ళు వచ్చినా పదును పోలేదు.

"అదే... మా అమ్మమ్మ కరుణమ్మ గారు దొరల కుటుంబంతో కలిసి పరిచర్యలో పాలుపంచుకున్నారని, వాళ్ళతో ఇంగ్లండు వెళ్ళారని..."

"పరిచర్యా?" లోపల నవ్వులాంటిది వినబడింది. "మా అమ్మ ఆయా రా. బెజవాడలో కాలవల ఇంజనీరు దొర ఇంట్లో పిల్లకి ముడ్డి కడిగింది. స్టేజి మీద ఆ మాట చెప్పు. వస్తాను."

"అమ్మా! అందరి ముందూ..."

"అందుకే రానంటున్నాను."

అబ్రహాం తలుపు దగ్గర్నుంచి వెనక్కి తిరిగాడు. మెట్ల మధ్యలో భార్య విమలకుమారి నిలబడి ఉంది. హాస్పిటల్లో నైట్ డ్యూటీ చేసి వచ్చి, కళ్ళయినా మూయకుండా కోడి పలావు వండింది. చేతిలో గరిటె అలాగే ఉంది.

"మీరలా అరిస్తే ఆవిడ ఇంకా బిగుసుకుంటారు."

"నేనెక్కడ అరిచాను?"

"మీకు కావాల్సింది అత్తయ్యగారా, బిల్డింగా?"

అతను గబగబా రెండు మెట్లు దిగి గొంతు తగ్గించాడు. "ఈ నెల్లో లీజ్ రెన్యూ చెయ్యాలి విమలా. బిల్డింగ్ వాళ్ళ చర్చిది, దాని కమిటీకి మార్జరీ గారే చైర్‌పర్సన్. సండే మధ్యాహ్నాలు ఆ బిల్డింగ్ మనకి లేకపోతే ఇన్ని తెలుగు కుటుంబాలు ఎక్కడికి పోతాయి? మళ్ళీ ఎవరి బేస్‌మెంట్‌లోనో ప్రేయర్ పెట్టుకోవాలా?"

"దానికీ అత్తయ్యగారికీ ఏంటండీ సంబంధం?"

"సంబంధం దేవుడే కలిపాడు. మా అమ్మమ్మ పెంచిన పిల్ల అమెరికాలో, ఈ హెర్న్‌డన్‌లో మా చర్చి మెట్ల మీద దొరకడం ఏంటి? పోయిన సండే ఆవిడ నోటివెంట కరుణమ్మ అన్న పేరు విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మా అమ్మ ఏం చేసింది? ఒక్క మాటన్నా మాట్లాడకుండా వెళ్ళి కారులో కూర్చుంది."

విమలకుమారి గరిటె వైపు చూసింది. "ఆవిడకి ఎలా ఉందో అడిగారా?"

"నువ్వడిగావా?"

అత్తా కోడళ్ళు ఒక ఇంట్లో ఉంటారన్న మాటే గాని, ఒకరు నిద్రపోయే వేళకి ఇంకొకరు లేస్తారు. ఫ్రిజ్ మీద అంటించిన కాగితం ముక్కల్లోనే వాళ్ళ మాటలు. పాలు అయిపోయాయి. పప్పు పొయ్యి మీద ఉంది. మాత్ర వేసుకోండి.

ఆమె కిందికి వెళ్ళిపోయింది.

* * *

తలుపు అవతల సువార్తమ్మ మంచం అంచున కూర్చుని ఉంది.

కిటికీలోంచి వీధంతా కనిపిస్తుంది. ఒకే రంగు ఇళ్ళు, ఒకే తీరు గరాజ్ తలుపులు. ఆ తలుపులు పొద్దున ఒకసారి లేస్తాయి, కార్లు వెళ్ళిపోతాయి. సాయంత్రం మళ్ళీ లేస్తాయి, కార్లు లోపలికి పోతాయి. మధ్యలో మనిషన్నవాడు కనబడడు. డల్లెస్ ఎయిర్‌పోర్టుకి దిగే విమానాలు మాత్రం ఇంటి కప్పుల మీదుగా, చక్రాలు చాచుకుని పోతుంటాయి. వచ్చిన కొత్తలో ఆమె వాటిని చూస్తూ పొద్దుపుచ్చేది. ఇప్పుడు చప్పుడు వినబడినా తల ఎత్తడం మానేసింది.

ఆ పిల్ల ఇంటికొస్తోంది.

అరవై తొమ్మిదేళ్ళ మనిషిని సువార్తమ్మ ఇంకా పిల్ల అనే అనుకుంటోంది. బెజవాడ స్టేషన్లో రైలు కదిలినప్పుడు అమ్మ చంకలో ఉన్న పిల్ల. తెల్లటి లేసు టోపీ, ఎండకి కందిన బుగ్గలు. తనకి ఎనిమిదేళ్ళు. రైలు పక్కన పరిగెత్తింది. అమ్మ కిటికీలోంచి వంగింది, ఒక చేత్తో ఊచ పట్టుకుంది, రెండో చేత్తో ఆ పిల్లని పట్టుకుంది. తనని తాకడానికి అమ్మకి చెయ్యి ఖాళీ లేదు.

చలికాలం రాకముందే తిరిగొస్తానంది. దొరసాని మాటిచ్చిందంది. అటునించి వచ్చే మరో దొర కుటుంబంతో పంపించేస్తారంది.

తర్వాత యుద్ధం వచ్చింది. ఒకరోజు, అమ్మ తనని వదిలి వెళ్ళిన బందరు మిషన్ హాస్టల్లో, అక్కడి దొరసాని తనని ఆఫీసు గదిలోకి పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టింది. పిల్లల్ని కుర్చీలో కూర్చోమనడం ఆ గదిలో ఎప్పుడూ లేదు. అప్పుడే అర్థమైపోయింది. ఇంగ్లండు నుంచి కబురొచ్చిందట. అమ్మ ఎక్కిన ఓడ సముద్రంలో మునిగిపోయిందట.

మోటుపల్లి రేవు నుంచి మచిలీపట్నం రేవు దాకా ఏ సముద్రాన్ని చూసినా ఆమెకి అమ్మ సమాధే. పెళ్ళయ్యాక భర్త ఎన్నిసార్లు మంగినపూడికి వెళ్దామన్నా నీళ్ళలో కాలు పెట్టలేదు.

కింద కాలింగ్ బెల్ మోగింది.

* * *

మార్జరీ ఒక్కతే వచ్చింది. తనే డ్రైవ్ చేసుకొచ్చింది. పొడవాటి మనిషి, వెన్ను కొంచెం వంగింది, తెల్లటి జుట్టు చెవుల దాకా కత్తిరించుకుంది. పెళ్ళి చేసుకుని ఇంగ్లండు వదిలి అమెరికా వచ్చి దాదాపు యాభై ఏళ్ళయినా మాటలో ఆ యాస పోలేదు.

అబ్రహాం ఎదురెళ్ళాడు. కోటు అందుకున్నాడు. రేపటి ప్రోగ్రాం గురించి మొదలుపెట్టాడు.

ఆమె చెయ్యి ఎత్తి ఆపింది. "మీ అమ్మగారేరి?"

"అమ్మకి కొంచెం ఒంట్లో బాగోలేదు. హెడేక్. రెస్ట్ తీసుకుంటోంది."

"అబద్ధం," అంది జెమీమా వెనకనుంచి, ఇంగ్లీషులో. పన్నెండో గ్రేడ్ చదువుతున్న పిల్ల. "గ్రాండ్‌మా మిమ్మల్ని చూడనంటోంది. నిన్నట్నుంచీ రూమ్‌లోంచి రాలేదు."

"జెమ్మీ!"

మార్జరీ ముఖం మారలేదు. ఆ మాట కోసమే వచ్చినట్టు తల ఊపింది. "నేను పైకి వెళ్ళొచ్చా?"

ఎవరూ వద్దనేలోపే మెట్లెక్కడం మొదలుపెట్టింది. రెయిలింగ్ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ. తలుపు ముందు నిలబడింది. తట్టలేదు. కాసేపు అలాగే ఉండి, మెల్లగా తలుపుకి మొహం దగ్గరగా పెట్టి తెలుగులో అంది.

"తలుపు తియ్యి తల్లీ. బువ్వ తిన్నావా? రా, నా బంగారు కదూ. రా, రా."

మెట్ల కింద అబ్రహాం సిగ్గుతో కుంచించుకుపోయాడు. పెద్దావిడని పట్టుకుని చంటిపిల్లతో మాట్లాడినట్టు ఆ మాటలేమిటి! విమలకుమారి మాత్రం కదలకుండా వింటోంది. మార్జరీకి వచ్చిన తెలుగు అంతే. మూడు నాలుగేళ్ళ పిల్లతో ఆయా మాట్లాడే తెలుగు. అంతకంటే పెద్ద మాటలు ఆమెకి ఎవరూ నేర్పలేదు.

లోపల సువార్తమ్మ లేచి నిలబడింది.

గొంతు వేరు. కానీ ఆ "రా, రా" అనడంలో రెండో "రా" దగ్గర సాగదీసి కిందికి దించే తీరు, "కదూ" దగ్గర చిన్న విరుపు — అది ఎవరిదో ఆమెకి తెలుసు. అరవై ఆరేళ్ళుగా ఎంత గుర్తుచేసుకున్నా గుర్తురానిది. అమ్మ మొహం గుర్తుంది. చీర రంగు గుర్తుంది. గొంతు మాత్రం ఎప్పుడో జారిపోయింది. అది ఈ పిల్ల దగ్గర ఉంది.

తలుపు తెరుచుకుంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరూ చేతులు చాచలేదు.

"పద," అంది సువార్తమ్మ. "కిందికి పద. అన్నం తింటూ మాట్లాడుకుందాం."

* * *

ఎవరూ తినలేదు.

పలావు గిన్నె మూత తీసినవాళ్ళు లేరు. సువార్తమ్మ బల్లకి ఈ చివర, మార్జరీ ఆ చివర. మధ్యలో జెమీమా. నానమ్మకి ఇంగ్లీషు రాక కాదు, మార్జరీతో ఇంగ్లీషు మాట్లాడనంది. అందుకని జెమీమాని పక్కన కూర్చోబెట్టింది.

"అడుగు. ఏ ఓడ అది?"

"ఏ ఓడ, నానమ్మా?"

"మా అమ్మ ఎక్కిన ఓడ. యుద్ధంలో మునిగింది కదా. దాని పేరేంటో అడుగు."

జెమీమా అడిగింది. మార్జరీ కనుబొమలు ముడిపడ్డాయి. ఏదో అంది. జెమీమా ఆమె చేత మళ్ళీ చెప్పించుకుంది.

"ఆమె అంటుంది... ఓడ లేదు అంట. మీ అమ్మ ఏ ఓడ ఎక్కలేదు. ఆమె, లైక్, అక్కడే ఉంది. వాళ్ళ ఇంట్లో."

"ఎప్పటిదాకా?"

"ఈమె పెళ్ళికి కూడా ఉంది అంట. పెళ్ళి డ్రెస్ మీ అమ్మే కుట్టింది. ఫిఫ్టీ సెవెన్‌లో. తర్వాత టూ ఇయర్స్‌కి చనిపోయింది."

అబ్రహాం కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. చిన్నప్పట్నుంచీ అతను విన్న కథ ఓడ కథే. సండే స్కూల్లో పిల్లలకి కూడా అదే చెప్పాడు.

సువార్తమ్మ బల్ల మీద వేలితో గీత గీసింది. చెరిపింది. యాభై ఏడు. అప్పటికి తనకి పెళ్ళయి అబ్రహాం పుట్టి ఏడాది. టీచర్ ట్రైనింగ్ అయింది. అప్పుడు అమ్మ బతికే ఉంది. ఎక్కడో సముద్రం అవతల ఇంకొకరి కూతురికి పెళ్ళి గౌను కుడుతోంది.

"యుద్ధం అయ్యాక ఓడలు నడిచాయి కదా," అంది. "అడుగు, ఎందుకు రాలేదో. ఇండియాకి రావడం ఇష్టం లేకపోయిందా? ఇంగ్లండు బాగుందా?"

"నానమ్మా, నేను అలా అడగను."

"అడుగు."

జెమీమా అడిగిందో, అడగలేదో. మార్జరీ మాత్రం సువార్తమ్మ మొహం చూసే జవాబు చెప్పడం మొదలుపెట్టింది. ఆగి ఆగి చెప్పింది. జెమీమా ఆమె వెనకే నడిచింది.

"ఈమెకి చిన్నప్పుడు లంగ్స్ ప్రాబ్లం అంట. మీ అమ్మ లేకపోతే తినేది కాదు, పడుకునేది కాదు. అందుకే మొదట పంపించలేదు. తర్వాత వార్. వాళ్ళ డాడీ వార్‌లో చనిపోయాడు. ఇంట్లో వాళ్ళ మమ్మీ, ఈమె, మీ అమ్మ. అంతే... మొదట్లో మీ అమ్మ రోజూ బీచ్‌కి వెళ్ళేది. షిప్స్ ఎప్పుడు వెళ్తాయి అని పోలీస్ వాళ్ళని అడిగేది. వాళ్ళకి ఆమె ఇంగ్లీష్ అర్థం అయ్యేది కాదు."

"తెలుగు ఎవరితో మాట్లాడేది?"

జెమీమా ఆ ప్రశ్న వేసింది. జవాబు విన్నాక నీళ్ళ గ్లాసు ఎత్తి, తాగకుండానే కింద పెట్టింది.

"చెప్పవే."

"మొదట ఈమెతో మాట్లాడేది. స్కూల్‌కి వెళ్ళాక ఈమె... ఈమె ఇంగ్లీష్‌లోనే ఆన్సర్ చేసేది అంట. ఫ్రెండ్స్ నవ్వుతారని. తర్వాత మీ అమ్మ ఎవరితో మాట్లాడలేదు. కిచెన్‌లో ఒక్కతే మాట్లాడుకునేది. డిషెస్‌తో."

జెమీమా తల వంచుకుంది. ఆమె జుట్టు మొహానికి అడ్డంగా పడింది. సువార్తమ్మ మనవరాలి వైపు ఒకసారి చూసింది.

పైన విమానం పోతున్న చప్పుడు వచ్చి, బల్ల మీది గ్లాసుల్ని సన్నగా కదిపి వెళ్ళిపోయింది.

"ఎక్కడ పూడ్చారు?"

"ఆ ఊరి చర్చిలో. స్టోన్ ఉంది అంట."

"దాని మీద ఏం రాశారు?"

మార్జరీ కళ్ళు దించుకుంది. "మా ఆయా," అంది ఇంగ్లీషులో.

"పేరు?"

"పేరు లేదు. సమాధి రాయి మమ్మీ వేయించింది. నేనప్పటికి ఇక్కడికి వచ్చేశాను. అంత్యక్రియలు అయ్యాకే నాకు తెలిసింది."

అబ్రహాం లేచాడు. "మార్జరీ గారూ, మీరు పలావు తినండి. ఇవన్నీ తర్వాత నిదానంగా మాట్లాడుకోవచ్చు. రేపు ప్రోగ్రాంలో..."

"కూర్చో," అంది సువార్తమ్మ.

అతను కూర్చున్నాడు.

"అబ్రహాం," అంది మార్జరీ. "నేను రేపటి గురించి మాట్లాడటానికి రాలేదు. రేపు అంతమందిలో ఈమె పక్కన కూర్చునే ముందు ఒక విషయం చెప్పాలి. వారం రోజులుగా నాకు నిద్ర లేదు."

జెమీమా అనువదించబోయింది. సువార్తమ్మ ఆమె మణికట్టు మీద చెయ్యి వేసి ఆపింది. "అక్కర్లేదు. వింటున్నాను."

మార్జరీ చేతులు రెండూ బల్ల మీద పెట్టుకుంది. ఆమె ఇంగ్లీషులోనే చెప్పింది, నిదానంగా, ఒక్కొక్క మాటా విడదీసి.

"ఆయా రోజూ పడుకోబోయే ముందు నన్ను పక్కన మోకరింపజేసి ప్రార్థన చేసేది. అందులో సువార్త అనే మాట ఉండేది. ఆమెన్ లాగా అదీ ప్రార్థనలో మాటేననుకున్నాను. నేనూ ఆమెతో పాటు అనేదాన్ని. కొంచెం పెద్దయ్యాక అడిగాను, సువార్త అంటే ఏంటని. నా కూతురు అంది. ఎక్కడుంది అన్నాను. యేసయ్య దగ్గరుంది అంది."



"మీరు జ్వరంతో చనిపోయారని అనుకుంది. హాస్టల్లో చనిపోయారని. అందుకే రాలేదు. యుద్ధం అయ్యాక దొరల కుటుంబం ఒకటి ఇండియా వెళ్తుంటే, వాళ్ళతో వెళ్తావా అని ఊళ్ళో పాస్టర్ గారు అడిగారు. నేను విన్నాను. అక్కడ నాకెవరున్నారండీ అంది."

"నేను చచ్చిపోయానని ఎవరు చెప్పారు?"

సువార్తమ్మ ఆ ప్రశ్న ఇంగ్లీషులోనే అడిగింది. మిషన్ బడి ఇంగ్లీషు, ప్రతి అక్షరం నొక్కి పలికే ఇంగ్లీషు. ఆ ఇంట్లో ఆమె నోట అది విన్నవాళ్ళు లేరు.

మార్జరీ బల్ల అంచు పట్టుకుంది.

"మా అమ్మ."

వంటింట్లో విమలకుమారి గరిటె సింకులో పెట్టిన చప్పుడు వినబడింది.

"నాకు చెప్పిందీ ఆవిడేనన్నమాట," అంది సువార్తమ్మ, ఈసారి తెలుగులో. ఎవరితోనూ కాదు. "నాకేమో అమ్మ మునిగిపోయిందని. అమ్మకేమో నేను జ్వరంలో పోయానని. ఇటొక ముక్క, అటొక ముక్క. మనిషిని ఉంచుకోడానికి."

"ఆమెకప్పుడు ముప్పై దాటాయంతే," అంది మార్జరీ. "నాన్న పోయాడు. నాకు ఊపిరాడేది కాదు. ఆయా వెళ్ళిపోతే నేను బతకనని అనుకుందేమో. నేను ఆమెని వెనకేసుకురావడం లేదు. అలా అయి ఉంటుందని... పోయిన ఆదివారం అబ్రహాం మిమ్మల్ని చూపించి కరుణమ్మ కూతురన్నప్పుడే నాకు అర్థమైంది. అప్పటిదాకా మీరు లేరనే అనుకున్నాను. ప్రమాణంగా."

"నీకు ఊపిరాడింది కదా."

మార్జరీ తలెత్తలేదు.

"ఆడింది," అంది.

జెమీమా నానమ్మ చేతిని పట్టుకోవాలని చూసింది. ఆ చెయ్యి ఆమెకి అందలేదు. సువార్తమ్మ రెండు చేతులూ ఒళ్ళో ఒకదాన్ని ఇంకొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. కళ్ళలో నీళ్ళు లేవు. ఎవరో లెక్క తప్పు చేస్తే బోర్డు మీద ఎక్కడ తప్పిందో వెతికే పంతులమ్మలా గోడ వైపు చూస్తోంది.

"మీ అమ్మ ఎప్పుడు పోయింది?"

మార్జరీ ఎదురుగా ఉన్న గ్లాసు పక్కకి జరిపింది.

"నిన్నే అడుగుతున్నాను. ఎప్పుడు పోయింది?"

"పోలేదు."

అబ్రహాం తల తిప్పి చూశాడు.

"తొంభై ఆరేళ్ళు," అంది మార్జరీ. "ఇక్కడే ఉంది. నది దాటితే మెరీల్యాండ్‌లో, నర్సింగ్ హోమ్‌లో. ఒక్కతే ఉండలేకపోతోందని నేనే ఇంగ్లండు నుంచి తెచ్చుకున్నాను."

"మతి ఉందా?"

"కొన్నిసార్లు. ఎవరన్నా తెలిసిన మాట మాట్లాడితే గుర్తుపడుతుంది."

"అడిగావా ఆవిణ్ణి?"

"లేదు. నిన్న వెళ్ళాను. పక్కన కూర్చున్నాను. జుట్టు దువ్వాను. అడగలేకపోయాను."

సువార్తమ్మ బల్ల పట్టుకుని లేచి నిలబడింది.

"తీసుకెళ్ళు నన్ను."

"ఇప్పుడా?" అబ్రహాం కుర్చీ జరిగిన చప్పుడు పెద్దగా వచ్చింది. "అమ్మా, ఏమంటున్నావు నువ్వు? ఆవిడకి తొంభై ఆరేళ్ళు. ఏదన్నా అయితే? రేపు చర్చిలో అందరి మొహం ఎలా చూస్తాం?"

"చర్చికి నువ్వెళ్ళు. పరిచర్య గురించి చెప్పుకో."



మార్జరీ కూడా లేవబోయి, లేవలేక కూర్చుండిపోయింది. "వద్దు. నన్నేమన్నా అనండి. స్టేజి మీద అందరి ముందు అనండి, పడతాను. ఆమె దగ్గరకి మాత్రం వద్దు. ఆమెకి ఇంకెన్నాళ్ళో లేవు. ఆమె మా అమ్మ."

"అవును," అంది సువార్తమ్మ. "మీ అమ్మే. నాకూ ఉండేది."

ఆ మాట ఆమె మెల్లగానే అంది. కోపం ఉన్నట్టు కూడా లేదు. జెమీమా ఏడుపు ఆపుకోలేక లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది.

"వెళ్ళి ఏమంటారు ఆమెని?" మార్జరీ అడిగింది. "అంత ముసలామెని ఏమని నిలదీస్తారు?"

"ఏమీ అనను."

"మరి?"

"ఎదురుగా నిలబడతాను. బతికే ఉన్నానని చూడనీ. అంతే."

అబ్రహాం వీధి తలుపుకి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు. అడ్డు నిలబడ్డానని అతనికే తెలిసినట్టు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు.

విమలకుమారి వంటింట్లోంచి వచ్చింది. భర్త వైపు చూడలేదు. హాల్లో బీరువా తలుపు తీసి, ఊలు కోటు ఒకటి బయటికి తీసింది. అది ఆమెదే. అత్తగారికి చలికోటు లేదని, ఎక్కడికీ వెళ్ళని మనిషికి కోటెందుకని ఎవరూ కొనలేదని ఆమెకి అప్పుడే తట్టింది.

"బయట చలిగా ఉంది అత్తయ్యా. ఇది వేసుకోండి."

"విమలా!" అన్నాడు అబ్రహాం.

"నేను డ్రైవ్ చేస్తానండీ. ఇలాంటి పెద్దవాళ్ళని రోజూ చూస్తూనే ఉంటాను. పొద్దు వాలాక వాళ్ళకి ఏదీ గుర్తుండదు. వెళ్తే ఇప్పుడే వెళ్ళాలి." ఆమె మార్జరీ వైపు తిరిగింది. ఇంగ్లీషులో, చాలా మర్యాదగా అడిగింది. "ఎక్కడో మీరు చెప్పాలి మేడమ్. మీరు చెప్పకపోతే మేము వెళ్ళలేం."

గదిలో అందరి చూపూ మార్జరీ మీదే నిలిచింది.

మార్జరీ చేతుల్లో మొహం దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఆమె ఏడుస్తోందో, ప్రార్థిస్తోందో తెలియడం లేదు.

సువార్తమ్మ కోటు తొడుక్కుంది. చేతులు పొడుగైపోయి వేళ్ళ దాకా వచ్చాయి, వాటిని మడుచుకుంది. గుండీలన్నీ పెట్టుకుంది. తర్వాత బల్ల చుట్టూ తిరిగి వచ్చి, మార్జరీ కుర్చీ పక్కన నిలబడింది. తాకలేదు. తొందరపెట్టలేదు. ఆమె లేచేదాకా అక్కణ్ణుంచి కదలనన్నట్టు నిలబడింది.